కుడి మోకాలి చోటు

సుల్తాన్‌హానీలో మా వీధి వీధంతా రఫూగాళ్ళమే.
తివాచీలను గోడకు బోర్లా వేలాడదీస్తాం,
వెనకనుంచి చదువుతాం.
పువ్వు ముందువైపు, ముడి వెనకవైపు.
అబద్ధమేదైనా ఉంటే పువ్వులోనే ఉంటుంది.

సోమవారం రుస్తెం బే ఒకటి తెచ్చి పరిచాడు.
"లాదిక్‌ది. నూటయాభై ఏళ్ళు" అన్నాడు.
తిరగేశాను. తొంభై దాటదు.
ఏళ్ళు కలపడం అతని వృత్తి,
ఊలు కలపడం నాది.

నమాజు చేసుకునే తివాచీ.
మనిషి పొడవుండదు ఇది,
మడత పడ్డ మనిషి పొడవు.
మంజిష్ఠ ఎరుపులో సన్నటి మెహ్రాబు,
దాని నెత్తిన తలకిందులుగా ఐదు తులిప్ పూలు.
ఆ ద్వారంలోంచి ఎవరూ నడిచిపోలేరు,
నుదురు ఒక్కటే పడుతుంది.

కిబ్లా గోడను చుట్టచుట్టి
భుజాన వేసుకోవచ్చని
మొట్టమొదట ఎవరికి తోచిందో!
ఊరూ గోడా లేనివాళ్ళకే తోచి ఉంటుంది,
మేకల వెనక, మంచు వెనక తిరిగేవాళ్ళకి.

"మోకాళ్ళ గుంటలు పూడ్చెయ్ ఉస్తా,
అంకారాలో హోటల్ గోడకి పోతుంది.
పాతదని తెలియాలి,
వాడిందని తెలియకూడదు."

అతను వెళ్ళాక దీపం కిందికి లాగి చూశాను.
ఎడమ మోకాలి చోట ఇంకా కాస్త నూగుంది.
కుడి చోట పడుగు బయటపడింది, ఎముకలా తెల్లగా.
కుడి అరచేయి ఆనే చోట మరో అరుగుదల,
లేవడానికి ఊతం.
ఎడమకాలు సరిలేని మనిషన్నమాట.
నుదురు చోట నాణెమంత నునుపు.

అప్పుడు కనబడింది, ఆ కుడి గుంటలోనే,
నాకంటే ముందు ఎవరో వేసిన రఫూ.
ఒకసారి కాదు, మూడుసార్లు.
ఒక ఎరుపు మీద ఇంకో ఎరుపు, దానిమీద ఇంచుమించు గులాబి.
సాక్సులు విప్పిన ఊలు,
విప్పిన ఊలు వంకర ఎంత ఉతికినా పోదు.
ముడులన్నీ ఎడమచేతి వాటం.
ఆడమనిషని నాకెవరూ చెప్పలేదు,
అయినా ఆమె అనే అనుకున్నాను.
వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకునేవారో, అసలు మాట్లాడుకునేవారో లేదో,
ఈ జానెడు చోట మాత్రం
అతను అరగదీశాడు, ఆమె పూడ్చింది.
మళ్ళీ అరగదీశాడు.

మా గురువు జుల్ఫికార్ ఉస్తా మాట ఒకటుంది:
చెడ్డ రఫూ మీద మంచి రఫూ నిలవదు, ముందు పీకెయ్.
కత్తెర తీశాను.
అస్ర్ అజాన్ వినబడింది.

నాది మిషను నేసినది.
ప్లాస్టిక్ దారం, వెనక జిగురు.
ఇరవై రెండేళ్ళుగా దానిమీదే వంగుతున్నాను,
మొన్న కొన్నట్టుంది.
సజ్దాలో ఉండగా వెతికాను,
చదవాల్సిన మాట మధ్యలో తప్పిపోయాను కూడా,
నా మోకాలిది, నా నుదుటిది
ఒక్క గుర్తూ లేదు.

తిరిగొచ్చి చుట్టూ నేశాను.
దానిమ్మ తొక్క పసుపు, వాల్‌నట్ గోధుమ,
నీలిమందు రెండుసార్లు ముంచి,
తొమ్మిది రోజులు.
ఆమె ముక్క జోలికి పోలేదు.

రుస్తెం బే కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాడు.
"మరక వదిలేశావ్."
"మరక కాదు" అన్నాను.
సగం డబ్బు బల్లమీద పెట్టి
చుట్ట చంకన పెట్టుకుని పోయాడు.
అక్కడ నిలువుగా మేకు కొడతారు,
నుదురు చోటు ఎవరికీ అందనంత ఎత్తులో ఉంటుంది.
మోకాళ్ళ చోటు మాత్రం
సోఫాలో కూర్చున్నవాళ్ళ కళ్ళకు ఎదురుగా వస్తుంది.
ఎవరైనా అడుగుతారేమో.

మిగిలిన ఎర్ర ఊలు ఉండచుట్టి
ఒక సాక్సుకే వస్తుందంది హుర్రెమ్, మా ఆవిడ,
రెండోదానికి చాలదు.
సరే, ఒకటే అల్లు అన్నాను.